గురునాథరావు పలకరింపు, కెప్టెన్ జవాబు

“ఏవండీ, మీరు మనుషుల్ని పలకరిస్తున్నారా, ఓడలోంచి బస్తాలు దింపుతున్నారా?”

ద్వారకా నగర్లో ఒక బ్యాంకు మేనేజరు అడిగేశాడు. ఆయన్ని తప్పుపట్టలేం. కౌంటర్లో తెలిసిన గుమాస్తా కనబడగానే గురునాథరావు రెండు చేతులూ ఆకాశానికెత్తి, “ఏటి బావా, ఉన్నావా!” అన్నాడు. క్యూలో సగం మంది కిందికి వంగారు. గార్డు తుపాకీ తడుముకున్నాడు.

గురునాథరావుకున్న జబ్బు అదొక్కటే, పలకరింపు. విశాఖ పోర్టులో సిగ్నల్ మేన్. ఓడ కడుపులోకి తెరిచిన గొయ్యిని పోర్టువాళ్ళు హేచ్ అంటారు. దాని అంచున నిలబడి, బరువు ఎప్పుడెత్తాలో ఎప్పుడు దించాలో క్రేన్ డ్రైవరుకి చేతులూపి చెప్పే ఉద్యోగం. ఆ చేతుల్నీ ఆ గొంతునీ గేటు దగ్గర అప్పజెప్పి ఇంటికి రమ్మంటే ఎలా వస్తాడు? కంచరపాలెంలో ఆయన పక్కవాటాలో అద్దెకున్న నేను, ఆయన పాలవాణ్ణి పలకరిస్తే నిద్రలేచేవాణ్ణి. అలారం గడియారం ఎవరికో ఇచ్చేశాను.

తొంభై ఆరులో ఒక కుక్కపిల్లని తెచ్చుకుని కెప్టెన్ అని పేరు పెట్టాడు. ఓడలో యంత్రాలొచ్చిన చెక్కపెట్టె ఒకటి కొని, ముందు ఇనుపవల బిగించి, అదే వాడి గది అన్నాడు. కెప్టెన్ మహా శుభ్రం. పెట్టెలో ఒక్క చుక్క పొయ్యడు. వేళకి పెరట్లోకి తీసుకెళ్తే పని ముగించుకొచ్చి పడుకుంటాడు. ఇబ్బందల్లా సాయంత్రమే. గురునాథరావు డ్యూటీ దిగొచ్చి, పెట్టె తలుపు తీసి, చేతులెత్తి, “ఏటి కెప్టెన్, ఉన్నావా!” అనేవాడు. కెప్టెన్ చెవులు వాల్చి, వెల్లకిలా పడి, తోక ఆడిస్తూనే పోసేవాడు. అదీ గుమ్మంలో. ఆయన భార్య కాంతం గారు పసుపు రాసిన గుమ్మంలో.

“నా సర్వీసులో ఎంతమంది కెప్టెన్లని సూశాను మేస్టారూ! ఒక్కడూ నన్ను సూసి పోసుకోలేదు,” అన్నాడు నాతో, ఏడవడం ఒక్కటే తక్కువగా.

కుక్కల విశ్వాసం గురించి మనవాళ్ళు చెప్పే మంచిమాటలన్నీ గుమ్మం తుడవనివాళ్ళు చెప్పినవి. తుడిచే కాంతం గారు ఒకటే మాట చెప్పింది. “ఆదివారం మా ఎల్లారావొత్తాడు. ఈలోగా ఇది మానకపోతే ఆడితో పంపెత్తాను.” ఎల్లారావు ఆవిడ తమ్ముడు. సింహాచలం కొండకింద పనసతోట ఉంది. అక్కడ కుక్కలకి పెట్టెలుండవు, గొలుసులుంటాయి. గురునాథరావు ఆ పూట అన్నం ముట్టలేదు.

పశువుల డాక్టరు పుష్ప గారి దగ్గరికి నన్నూ లాక్కెళ్ళాడు.

“అది తప్పు చెయ్యట్లేదండీ, జవాబు చెబుతోంది,” అందావిడ. “‘మీరే పెద్ద, నన్నేం చెయ్యకండి’ అని. తిడితే ఇంకా పోస్తుంది. ఇంటికి రాగానే దాన్ని చూడకండి, పిలవకండి, మీదికి వంగకండి. పెట్టె తీసి ఊరుకోండి. కాసేపటికి అదే వస్తుంది. అప్పుడు పక్కకి తిరిగి కూర్చుని గడ్డం కింద నిమరండి.”

“పలకరించొద్దా?”

“వద్దు.”

“మరింటికెల్లడం దేనికండీ?”

మొదటిరోజు గోడకేసి చూస్తూ లోపలికొచ్చి పెట్టె తీశాడు. నోరు ఆగలేదు. “ఏటి మీటరూ, బాగా తిరగతన్నావా!” అన్నాడు కరెంటు మీటరుతో. కెప్టెన్ పోశాడు. మర్నాడు మీటరుని వదిలి గొడుగుని పలకరించాడు. పోశాడు. ఆ మర్నాడు నోటికి తువ్వాలు కట్టుకొచ్చాడు. చేతులు వాటంతటవే లేచాయి. పోశాడు.

“ఆడికి నాను యముళ్ళా కనపడతన్నాను మేస్టారూ,” అని మెట్లమీద కూలబడ్డాడు. “ఇంక నా వల్ల కాదు. ఆదివారం రానే వత్తంది.”

నాకు విసుగొచ్చింది. “నోరు మూసుకోవడం అంత కష్టమా?”

“మూసుకుంటే గుండె దడండీ,” అన్నాడు. ఆ దడేమిటో నాకు అర్థం కాలేదు.

శనివారం సాయంత్రం ఆ వాటాలోంచి చప్పుడే లేదు. కంగారుపడి తొంగిచూశాను. గురునాథరావు గోడవైపు తిరిగి నేలమీద కూర్చున్నాడు. మోకాలి దగ్గర ఒక్క వేలు మాత్రం ఆడుతోంది. గాజుసామాను దించేటప్పుడు క్రేన్ డ్రైవరుకి చూపించే సైగట, మెల్లగా, ఇంకా మెల్లగా అని. కెప్టెన్ పెట్టెలోంచి వచ్చాడు. వేలు వాసన చూశాడు. నేల పొడిగా ఉంది.

ఆదివారం ఎల్లారావు దిగాడు. “ఏటి బావా! ఏదీ నీ కుక్క!” అంటూ వీధి అదిరేలా గుమ్మం ముందు నిలబడ్డాడు. కెప్టెన్ పరుగెత్తుకెళ్ళి, వెల్లకిలా పడి, ఎల్లారావు విడిచిన తోలుచెప్పుల్లో పోసేశాడు.

“అక్కా! కొత్త సెప్పులే!”

కాంతం గారు వచ్చి చూసింది. తడి మొత్తం చెప్పుల్లో ఉంది. గుమ్మం మీద చుక్క లేదు. కొంగు నోట్లో కుక్కుకుని లోపలికెళ్ళిపోయింది.

కుళాయి దగ్గర చెప్పులు కడుగుతూ ఎల్లారావు నన్నడిగాడు. “బావేటి నన్ను పలకరించలేదు? ఒంట్లో బాగోలేదా?”

కుక్క కోసం మానేశాడని చెప్పాను.

“బావా? మానేశాడా?” చెప్పు జారిపోయింది. “మేస్టారూ, తోట పనిలోకి రాకముందు నాను బావ కింద హేచ్‌లో కూలీని. ఆ సీకట్లో మేం క్రేన్ డ్రైవరుకి కనపడం. దించేముందు బావ ఒక్కొక్కణ్ణీ పేరెట్టి ‘ఉన్నావా’ అని అరిసేవోడు. అందరూ ఓయ్ అన్నాకే సెయ్యి దించేవోడు. ఓ పాలి నాను పలకలేదు. బస్తాల సందున నిద్రోతన్నాను. మేస్త్రీ బూతులు తిడతన్నా బరువుని గాల్లోనే ఆపేసి, నిచ్చెన దిగొచ్చి నన్ను లేపాడు. అది సరిగ్గా నా మీదే దిగాల.”

గురునాథరావు సిగ్గుపడి మొహం తిప్పుకుని, మోకాలి దగ్గర వేలు ఆడించాడు. కెప్టెన్ వెళ్ళి పక్కన చేరాడు.

“దీన్ని నాకిచ్చెయ్యకక్కా. బావ నోరు కట్టేసుకున్నాడు దీనికోసం,” అన్నాడు ఎల్లారావు.

“ఇత్తానని నానెప్పుడన్నాను?” అంది కాంతం గారు లోపల్నించి.

“సెప్పుల డబ్బులు మాత్రం ఇచ్చెయ్ బావా,” అన్నాడు ఎల్లారావు, అదే నోటితో.

నూట ఎనభై రూపాయలు. గురునాథరావు ఇంకా ఇవ్వలేదు.