ఒళ్లో లారీ పెట్టుకుని మిర్యాలగూడకు

డెబ్బైల మొదట్లో నేను సూర్యాపేటలో ప్రాథమిక పాఠశాల టీచరుని. మా నాన్న లారీలకు చెక్క బాడీలు కట్టే షెడ్డులో వడ్రంగి. అక్కడ రాలిన టేకు ముక్కలే నా ఆటవస్తువులు. ఉద్యోగం వచ్చినా, పెళ్లయినా ఆ అలవాటు నన్ను వదల్లేదు. హైవే మీద పోయే లారీలను చూసి, అడుగుకు ముప్పావు అంగుళం కొలతతో చిన్న లారీలు, కార్లు చేసేదాన్ని. కిరోసిన్ డబ్బా రేకుతో బానెట్టు, తెగిన చెప్పుల రబ్బరుతో టైర్లు. పాత ఎక్స్‌రే ఫిల్ము మీది నలుపు కడిగేస్తే ముందద్దం తయారు. మావారికి ఇది వింతగా ఉండేది గానీ, ఇంటికెవరొచ్చినా ముందు అల్మారా తెరిచి నా బళ్లే చూపించేవారు. నా పేరు అలా ఆ నోటా ఈ నోటా పాకి, ఒక ఆదివారం లింగయ్య అనే లారీ డ్రైవరు గోనెసంచి భుజాన వేసుకుని మా వాకిట్లోకి వచ్చాడు. ఈ ప్రయాణం మొదలైంది అక్కడే.

"టీచరమ్మా, నువ్వు బొమ్మ లారీలు చేస్తవట గద. ఇది బాగైతదా జర సూడు" అంటూ సంచిని అరుగు మీద బోర్లించాడు. నలిగిన రేకు, విరిగిన చెక్క, ఊడిన చక్రాలు. ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన పాతరకం లారీ అని పోల్చుకోవడానికే కాసేపు పట్టింది. లింగయ్యదీ, వాళ్లన్న సైదులుదీ మోతె దగ్గర ఊరు. ఇద్దరూ కలిసి ఒక పాత లారీ కొన్నారు. అన్న డ్రైవరు, తమ్ముడు కిలీనరు. తర్వాత తమ్ముడూ స్టీరింగ్ పట్టాడు. లోడు కోసం ఎదురుచూసే గంటల్లో సైదులు తన బండినే చూస్తూ ఈ చిన్న లారీ చేశాడట. కొన్నాళ్లకు సైదులుకు గుండెనొప్పి మొదలైంది. బండి అమ్మేద్దామని తమ్ముడు, ప్రాణం పోయినా అమ్మనని అన్న. చివరకు అమ్మిన రోజున మాటామాటా పెరిగింది. "బండే పోయినంక ఈ బొమ్మెందుకు" అని లింగయ్య దాన్ని ఎత్తి వాకిట్లో విసిరికొట్టాడు. ఆ ముక్కలను లింగయ్య భార్య ఏరి దాచింది. సైదులు అత్తవారి ఊరు మిర్యాలగూడకు వెళ్లిపోయాడు. లింగయ్య చిలుకూరులో ఉంటూ కోదాడ రైసుమిల్లు లారీ తోలుతున్నాడు. ఇద్దరి మధ్యా మాటల్లేక ఏళ్లయింది.

"మొన్ననే పట్నం దవాఖాన నుంచి వచ్చిండట అన్న. సూద్దామని పోయిన. గేటు దాకా పోయి మర్లొచ్చిన. ఉట్టి చేతులతోని ఏం మొఖం పెట్టుకొని పోవాలె?" అన్నాడు. ఒకవేళ ఆలస్యమైతే అన్న మాట ఇంక ఈ జన్మలో వినలేనేమోనన్నది అతని భయం. ఆ మాట పైకి అనలేదు గానీ, ముక్కలను ఒక్కొక్కటే నా ముందుకు జరుపుతున్న ఆ చేతుల్లోనే అది కనిపించింది.

సెలవు దొరికినప్పుడల్లా ఆ లారీ ముందు కూర్చున్నాను. కొత్తగా చేయడం తేలిక, బాగుచేయడమే కష్టం. సొట్టలన్నీ తీసి కొత్త రంగు వేస్తే అందంగా ఉంటుంది, కానీ అది నా బండి అయిపోతుంది, సైదులుది కాదు. అందుకని అతను కుంచెతో రాసిన అక్షరాల జోలికి పోలేదు. విరిగిన చోట్ల లోపలి నుంచి సన్నటి చెక్క అతికించాను. దొరకని చిన్నా చితకా భాగాలు మాత్రం, ఇంజనులో పోసే నీళ్ల కోసం పక్కన వేలాడదీసే డబ్బాతో సహా, లింగయ్య చెప్పిన గుర్తుల ప్రకారం చేసి పెట్టాను. అసలు లారీ చేతులు మారి ఎక్కడికో వెళ్లిపోయింది కాబట్టి సరిచూసుకునే వీలే లేదు. పనయ్యాక లింగయ్య ఇంకో మాట అడిగాడు. "నువ్వు గూడ రావాలె టీచరమ్మా. నన్ను సూస్తే తలుపేసుకుంటడు. నిన్ను సూస్తే లోపలికి రమ్మంటడు." మావారు సరేనన్నారు.

సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు నేరుగానే బస్సు ఉంది. నేను లింగయ్యను వెంటబెట్టుకోవాలి కాబట్టి కోదాడ మీదుగా వెళ్లాను. పొద్దున ఏడింటి బస్సు. ఆ రోజుల్లో కోదాడకు టికెట్టు రెండు రూపాయల లోపే, ప్రయాణం గంటన్నర. లారీని అట్టపెట్టెలో, పాత చీర ముక్కల మధ్య పెట్టి ఒళ్లో పెట్టుకున్నాను. కండక్టరు ఒప్పుకోలేదు.

"అమ్మా, ఆ పెట్టె పైకెయ్యాలె. పక్కన కూసునేటోళ్లకు తిప్పలైతది."

"పగిలే సామానన్నా."

"ఏంది, గాజులా?"

"లారీ."

నన్ను ఎగాదిగా చూసి, మూత తీసి తొంగిచూశాడు. ఆపైన బస్సంతా వినబడేలా, "డ్రైవరన్నా, మన బస్సుల లారీ ఎక్కిందే! దీనికి గూడ టికెట్ కొట్టాల్నా?" అని అరిచాడు. అంతా నవ్వారు. ముందు సీటు ఖాళీ చేయించి నన్ను అక్కడ కూర్చోబెట్టాడు. మునగాల దాటేదాకా రోడ్డు మీద ఎదురొచ్చే ప్రతి లారీకీ నా పెట్టెను చూపిస్తూ ఏదో ఒకటి అంటూనే ఉన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ప్రతి గుంతకూ పెట్టె కింద చేతులు బిగుసుకునేవి. అతికించిన గీతలు చూసి సైదులుకు ఆ రోజే గుర్తొస్తే, నేను మోసుకెళ్తున్నది బహుమతి కాదు, పాత దెబ్బే.

కోదాడ బస్టాండులో లింగయ్య లేడు. ఎదురుగా ఉన్న హోటల్లో ఇడ్లీ తింటూ చూశాను. ప్లేటు ఖాళీ అయింది, మనిషి జాడ లేదు. రోడ్డుకేసి నేను మాటిమాటికీ చూడటం గమనించి హోటలాయన దగ్గరికొచ్చాడు. కోదాడలో మాట కొంచెం ఆంధ్రా వైపు ఒరుగుతుంది. "మిల్లు డ్రైవరు లింగయ్య కోసమేనా అండీ? ఇందాకే వచ్చి, టీచరమ్మ బస్సు వచ్చిందా అని అడిగాడమ్మా. మా హోటలు ముందే అటూ ఇటూ తిరిగి వెళ్లిపోయాడు. వస్తాడు లెండి, ఇంకో రెండు ఇడ్లీ వెయ్యమంటారా?" అన్నాడు. చెప్పినట్టే కాసేపటికి వచ్చాడు. ఉతికిన చొక్కా, నూనె రాసి దువ్విన తల, చేతిలో బత్తాయిల సంచి. నన్ను చూసి నవ్వబోయాడు గానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడకు అప్పట్లో రెండు గంటల పైనే. ప్రాజెక్టు ఎడమ కాలువ నీళ్లు వచ్చిన కొత్త. అంతకుముందు జొన్న, ఆముదం తప్ప ఎరగని నేలల్లో వరి కోతకొచ్చి పచ్చగా, పసుపుగా నిలబడి ఉంది. ఆ దారిలో వెళ్లేవారికి కిటికీ పక్క సీటు దొరికితే వదులుకోవద్దని చెబుతాను. నాకూ దొరికింది గానీ బయటికి చూసే మనసెక్కడ? హుజూర్‌నగర్‌లో బస్సు ఆగగానే లింగయ్య లేచి నిలబడ్డాడు.

"టీచరమ్మా, నేను గీడ్నే దిగుత. నువ్వు ఇచ్చి రా. నేను గీ చాయ్ హోటల్లనే ఉంట."

"అన్నా, ఇంత దూరం వచ్చి ఇదేంది? కూర్చో."

"నాతోని కాదు టీచరమ్మా."

అప్పుడే ఒక తండా ఆడమనిషి, చేతుల నిండా తెల్లటి గాజులతో, బస్సెక్కి నా పక్కన కూర్చుంది. పెట్టెలోకి చూసి, నిలబడి ఉన్న లింగయ్యను, "ఏం తమ్మీ, ఈ బండి నీదేనా?" అని అడిగింది. లింగయ్య ఒక్క క్షణం తడబడ్డాడు. "మాది. మా అన్నది, నాది" అన్నాడు. ఎక్కడ కొన్నారు, ఏమేం తోలారు అని ఆమె అడుగుతూ పోయింది. తిరుమలగిరి నుంచి పత్తి, మిర్యాలగూడ నుంచి బియ్యం, ఒకసారి ఒక పెళ్లివాళ్లనందరినీ ఎక్కించుకుని వానలో ఇరుక్కుపోవడం, అన్న అందరికీ రోడ్డు పక్కనే వంట చేసి పెట్టడం, ఇవన్నీ చెప్పుకొచ్చాడు. బస్సు ఎప్పుడు కదిలిందో అతను చూసుకోలేదు. చూసుకునేసరికి ఊరు దాటేశాం. బత్తాయిల సంచి ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. ఆ తల్లి పేరు అడగలేదు నేను. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మూసీ దాటి మిర్యాలగూడ చేరేసరికి మధ్యాహ్నమైంది. కొత్త మిల్లుల తవుడు వాసన బస్టాండు దాకా వస్తోంది. రిక్షా అతనికి పేరు చెబితే చాలు, ఇంటి గుర్తు చెప్పాల్సిన పనే లేకపోయింది. "సైదులు డ్రైవర్ ఇల్లేనా? దవాఖాన నుంచి వచ్చినాయనే గద, కూసోండ్రి" అని అర్ధరూపాయికి తీసుకెళ్లాడు. ఇంటి ముందు దిగగానే లింగయ్య ప్రహరీగోడ పక్కకు ఒదిగి నిలబడ్డాడు. "నువ్వు పో, నేను ఈడుంట."

సైదులు భార్య యాదమ్మ నన్ను ఎవరో ఏమిటో అడక్కుండానే ముందు మంచినీళ్లిచ్చింది. సైదులు వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. పెద్ద మనిషే, కానీ చొక్కా భుజాల మీద నిలవనంతగా చిక్కిపోయాడు. పెట్టె అతని ముందు పెట్టి మూత తీశాను. అతను వంగి లోపలికి చూశాడు.

"ఎవరు తెచ్చిచ్చిండ్రు నీకు?"

"లింగయ్య."

అతను తల గోడవైపు తిప్పుకున్నాడు. పెట్టె తీసుకుని వెళ్లిపోదామా అనుకుంటున్నాను. అంతలో, "కళ్లజోడు తేవే" అన్నాడు భార్యతో. జోడు పెట్టుకుని లారీని చేతిలోకి తీసుకున్నాడు. చక్రం తిప్పాడు. తిరగేసి కింద ఉన్న స్ప్రింగు పట్టీలు చూశాడు. "కమాన్ పట్టీలు మంచిగ కూసున్నయి" అన్నాడు. అతికించిన చోట వేలితో తడిమాడు గానీ దాని గురించి ఏమీ అనలేదు. ఇంతలో కనుబొమలు ముడిపడ్డాయి.

"గీ నీళ్ల డబ్బా గీడెందుకున్నది? ఎడమ దిక్కు?"

"లింగయ్య చెప్పినట్టే పెట్టానన్నా."

"వానికేం తెల్సు? డబ్బా డ్రైవర్ దిక్కుండె. నా దిక్కు."

"కాదు! కిలీనర్ దిక్కే ఉండె!"

గోడ అవతలి నుంచి వచ్చిందా మాట. మరుక్షణం లింగయ్య గేటులో ఉన్నాడు, బత్తాయిల సంచి గుండెలకు అదుముకుని. తానేం చేశాడో అప్పుడు తెలిసినట్టుంది, అక్కడే ఆగిపోయాడు. కానీ వాదన మాత్రం ఆపలేదు. "నీళ్లు నింపింది నేను. నాకు తెల్వదా?"

"ఎప్పటి ముచ్చట చెప్తున్నవ్‌రా? నువ్వు మునగాల కాడ పడ్డంక మార్చిన గద!"

"నేను పడితే డబ్బా మార్చుడేంది?"

"నడిచే బండిలకెల్లి వంగి డబ్బా తీస్తుంటివి. చెయ్యి ఇరిగింది, ఇంకోపారి తల పలిగితే అమ్మకేం జెప్పాలె? డబ్బా నా దిక్కుంటే నువ్వు వంగవని, ఆ దినమే కొక్కెం పీకి ఇటు కొట్టిన."

లింగయ్య అప్పుడు విరిగిన ఆ చేతిని చూసుకున్నాడు. "అవు. చెయ్యి బాగై వచ్చేసరికి నీ దిక్కే ఉండె. ఎందుకు మార్చినవో నేను అడగనే లేదు" అన్నాడు.

"అడిగితె చెప్తుంటి."

యాదమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "గాడ నిలబడ్డవేంది లింగయ్యా, లోపలికి రా" అంది. అతను వచ్చి మంచం దగ్గర కింద కూర్చున్నాడు. "అన్నా, ఆ దినం నేను..." అని మొదలుపెట్టాడు. సైదులు పూర్తి కానివ్వలేదు. "బత్తాయిలు తెచ్చినవా? డాక్టర్ తినుమన్నడు. ఒలువు" అన్నాడు.

నా సంచిలో చిన్న చేతిడ్రిల్లు, వడ్రంగి జిగురు ఉన్నాయి. డబ్బా కొక్కెం అప్పటికప్పుడే మార్చాను. లింగయ్య లారీని కదలకుండా పట్టుకుంటే, సైదులు వేలితో సరిగ్గా చోటు చూపించాడు. కుడివైపు కొక్కెం బిగించి, ఎడమవైపు మిగిలిన రంధ్రం జిగురుతో పూడ్చబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆ బొక్క ఉండనీ టీచరమ్మా. అసలు బండికి గూడ ఉండె."

యాదమ్మ అన్నం పెట్టకుండా కదలనివ్వలేదు. లింగయ్య ఆ రోజు అక్కడే ఉండిపోయాడు. నేను నేరుగా సూర్యాపేట వెళ్లే సాయంత్రం బస్సెక్కాను. పొద్దుటి నుంచి బిగబట్టుకున్న భుజాలు ఎక్కడో దారిలో వాటంతట అవే దిగాయి. ఒళ్లో బరువు లేదు, చేతులకు పని లేదు, బయట కోతకొచ్చిన వరి మీద ఎండ వాలుతోంది. కండక్టరు లేపేదాకా నిద్రపోయాను. ఇన్నేళ్లలో చాలా బళ్లు బాగుచేశాను, కానీ నేను తప్పుగా పెట్టిన భాగం అంతగా పనికొచ్చింది ఆ ఒక్క లారీలోనే. నేను అన్నీ సరిగ్గా పెట్టి ఉంటే సైదులు బాగుందని పెట్టె మూసేసి ఉండేవాడేమో. గోడ అవతల మనిషి అలాగే వెనక్కి పోయి ఉండేవాడేమో. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ తేలికగా ఊపిరి తీసుకున్నట్టు ఉంటుంది.

ఇలా బాగుచేసిన బండిని దాని మనిషి దగ్గరికి తీసుకెళ్లేవారికి ఒక్క సలహా. చేతిడ్రిల్లు, జిగురు, కాస్త రంగు వెంట ఉంచుకోండి, తిరుగు బస్సు ఆలస్యంగా ఉండేది చూసుకోండి. అసలు బండి తోలినవాళ్లు తప్పు పట్టకుండా ఉండరు. పట్టనివ్వండి.