నాగార్జునకొండలో సుబ్బరత్నం

సుబ్బరత్నం బెజవాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. పొద్దస్తమానం "నంబర్ ప్లీజ్" అనడం, లైను దొరకనివాళ్ళ చేత తిట్లు తినడం ఆవిడ ఉద్యోగం. ఇంటికొచ్చినా చెవుల్లో ఆ రొద ఆగేది కాదు.

తోటి ఆపరేటరు అమలమ్మ ఒకరోజు, "నాగార్జునకొండ చూసొచ్చాం రత్నం. చుట్టూ సాగర్ నీళ్ళు. మునిగిపోతుందని పాత బౌద్ధ విహారాన్ని తెచ్చి కొండమీద మళ్ళీ కట్టారు. అక్కడ కూర్చుంటే గాలి తప్ప ఏమీ వినపడదు" అంది. అప్పట్నుంచీ సుబ్బరత్నానికి అదే ధ్యాస.

డెబ్భై నాలుగు శీతాకాలంలో భర్త రామకోటేశ్వరరావు సరేనన్నాడు. అన్నవాడు ఊరుకోక, పామర్రు నుంచి తన అక్క పద్మావతమ్మనీ, ఆవిడ బలగాన్నీ పిలిచి బస్సు మాట్లాడాడు.

లాంచీ ఎక్కింది మొదలు గోలే. కొండ దగ్గర దిగగానే పద్మావతమ్మ, "ముందు భోజనాలు కానివ్వండి, కళ్ళు తిరుగుతున్నాయి" అంది. చెట్ల కింద విస్తళ్ళు వేశారు. సుబ్బరత్నం పులిహోర వడ్డించి, మంచినీళ్ళందించి, ఎంగిలాకులెత్తింది. అందరూ మ్యూజియానికి వెళ్తే సామాను దగ్గర కాపలా కూర్చుంది. తీరా విహారం వైపు అడుగేసేసరికి లాంచీ కూత పెట్టింది.

"ఏమండీ, ఒక్కసారి చూసొస్తాను."

"ఏముందక్కడ? మొండిగోడలు. పద పద!"

"స్టాఫు కోసం సాయంత్రం ఇంకో లాంచీ ఉందండీ" అన్నాడు లాంచీ నడిపే సరంగు.

"అయితే దాంట్లో వస్తాను."

"నీకోసం బస్సు ఆగదు!"

"ఆగకపోతే మాచర్ల వెళ్ళి ఎర్రబస్సెక్కుతాను" అని వెనక్కి తిరిగింది.

విహారంలో భిక్షువుల గదులు చిన్నచిన్నవి. పైకప్పుల్లేవు. ఒక గోడకి చేరబడి కూర్చుంది. నీళ్ళ మీంచి చల్లటి గాలి వస్తోంది. మనిషి అలికిడి లేదు. కానీ చెవుల్లో భర్త అరుపు, వదినగారి సాధింపు. ఒక్కోదానికీ తను అనాల్సిన జవాబు ఇప్పుడు తోస్తోంది.

"ఛీ, ఇక్కడిక్కూడా దాపురించారూ!" అంది పైకే.

కళ్ళు మూసుకుంది, చెవులు మూసుకుంది, లేచి గడ్డిలో పచార్లు చేసింది. లాభం లేకపోయింది. ఇంతలో వాచ్‌మన్ వచ్చి, "టైమైందమ్మా" అన్నాడు.

గట్టున బస్సు ఆగే ఉంది. గుంటూరు దాకా ఎవరూ ఆవిడతో మాట్లాడలేదు. చివరికి పద్మావతమ్మే ఉండబట్టలేక, "ఒక్కదానివీ అంతసేపు ఏంచేశావే అక్కడ?" అని అడిగింది.

"మీ అందరితో పోట్లాడాను వదినగారూ."

పద్మావతమ్మకి బోధపడలేదు. రామకోటేశ్వరరావు మాత్రం మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.