కాట్మండులో ఓవర్‌మన్ అన్న తిన్న మూడు ప్లేట్లు

మొన్న సాయంత్రం మా బొగ్గుగనుల ఊరు ఖని చౌరస్తాలో మిర్చిబజ్జీల బండి పక్కన కొత్తగా ఒక మోమోల బండి కనిపించింది. ఆవిరి గిన్నె మూత తీయగానే అల్లంతో కలిసి వచ్చిన ఆ వాసనకు నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి, కాలేజీ పిల్లలు ఎర్ర చట్నీలో ముంచుకుని తింటుంటే రిటైరైన ముసలివాణ్ణి నేనొక్కణ్ణే నిలబడి నవ్వుకున్నాను. అది మంచి నవ్వు కాదు. దాని వెనక డెబ్బైల నాటి పగ ఒకటి ఉంది, తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ నా కడుపు చల్లబడే పగ.

సర్వే డిప్లొమా చేసి నేను గనిలో చేరిన కొత్తలో మా పక్క క్వార్టర్లో, గని లోపల షిఫ్టు పనివాళ్ళ మీద అజమాయిషీ చేసే ఒక ఓవర్‌మన్ ఉండేవాడు. షిఫ్టంతా ఆయన కేకకు వణికేది. నేను అన్నా అని పిలిచేవాణ్ణి, తమ్మీ అని పలికేవాడు. మాది నాన్న నాటి నుంచి గనినే నమ్ముకున్న క్రైస్తవ కుటుంబం. ఒక క్రిస్మస్‌కు అమ్మ వరుసలోని ఇళ్ళన్నిటికీ పంచినట్టే వాళ్ళింటికీ అరిసెలు పంపితే, ఆయన ఆ గిన్నెను మూత తీయకుండా తెచ్చి, ఆడవాళ్ళంతా బిందెలతో నిలబడిన నల్లా దగ్గర అమ్మ ముందు పెట్టాడు.

"పెద్దకూర వండే ఇంటి గిన్నె మా గడప దాటద్దు, చెప్తున్న."

పెద్దకూర అంటే ఎనుము మాంసం, గేదెది. పండుగలకు మేము వండుకునేదే, దాచిందేమీ లేదు. నల్లా దగ్గర కొందరు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. అమ్మ బిందె నింపుకుని వచ్చేసింది. ఆ ఏటి నుంచి ఎవరింటికీ ఏమీ పంపలేదు, ఇష్టంగా తినేవాళ్ళ ఇళ్ళకు కూడా. పండుగ పూట తలుపు దగ్గరకు వేసుకుని మా మట్టుకు వండిపెట్టే అమ్మను చూసి నేను ఒకటి అనుకున్నాను: ఈ మనిషి మా అమ్మ చేతి అరిసె తినాలి, అదీ ఆ నల్లా ఎదురుగానే తినాలి.

ఆ అవకాశం నేపాల్ రూపంలో వచ్చింది. మా సర్వే ఆఫీసు వాళ్ళం సెలవు పెట్టి కాట్మండు చూసి రావాలనుకున్నాం, ఒక్కొక్కరే తప్పుకున్నారు, చివరికి పశుపతినాథుని దర్శనం కోసం నాతో వస్తానన్నది ఓవర్‌మన్ అన్న. పటం చదవడం, రైళ్ళు చూసుకోవడం నాకు వచ్చునని ఆయన లెక్క. నేను మారుమాట లేకుండా ఒప్పుకున్నాను. నా ఖాకీ కాన్వాసు సంచిలో కంపాసు, పటం, రెండు జతల బట్టలు, టార్చి, జ్వరం గోళీలు. ఆయన సంచిలో అటుకులు, పల్లీలు, ఎవరి చేతికీ ఇవ్వని ఇత్తడి చెంబు.

రైళ్ళు మారి మారి రక్సౌల్ చేరి, టాంగాలో సరిహద్దు దాటి, ఘాటు రోడ్డు మీద బస్సులో ఊగుతూ వెళ్ళాం. పాస్‌పోర్టు అక్కరలేకపోయినా పరదేశం పరదేశమే కదా, మన తరంలో ఎంతమందిమి వెళ్ళాం? స్వయంభూ కొండ మెట్ల మీద కోతులు, భక్తపూర్‌లో చెక్కుడు కిటికీలు, గుడి అరుగుల మీద మా సంచుల కన్నా పెద్ద సంచులతో జడలు కట్టిన తెల్ల కుర్రాళ్ళు. "ఈళ్ళకు ఇంటికాడ అవ్వ అయ్య లేరా తమ్మీ? ఎవ్వలన్న నెత్తికి నూనె వెట్టరా?" అని అన్న అడిగితే నవ్వాపుకోలేకపోయాను, నవ్వినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

హిందువులకే ప్రవేశమన్న బోర్డు పెట్టిన పశుపతినాథుని గుడి ముందు ఆ కోపం మళ్ళీ దారిలో పడింది. "నువ్వు బయటనే ఉండు తమ్మీ, బోర్డు సదివినవ్ గద. సంచులు జూస్కో" అని ఆయన లోపలికి వెళ్ళాడు. చాలాసేపు రాళ్ళ మీద కూర్చుని ఆయన చెంబుకు కాపలా కాశాను.

ఆ సాయంత్రానికి అటుకులు అయిపోయాయి, చలి ఎముకల్లోకి దిగింది. ఒక సందులో తెల్లవాళ్ళు కిక్కిరిసిన చిన్న హోటల్లో దూరాం. బల్లల మీద మాంసం కూరిన, ఆవిర్లు కక్కే మోమోలు. ఆ వాసన నాకు తెలుసు, మా అమ్మ పొయ్యి మీది వాసన అది. అయినా గల్లా దగ్గరికి వెళ్ళి హిందీలో అడిగాను, ఎనుముదేనని యజమాని దాపరికం లేకుండా చెప్పాడు. నిజం చెప్పాలంటే, తిరిగి వచ్చి "అన్నా, ఈ కూర..." అని మొదలుపెట్టాను కూడా.

"కూర సంగతి నువ్వు నాకు చెప్తవా? హిందూ రాజ్యం ఇది, రాజే మనోడు. ఈడ మీ ఇంట్ల లెక్క వండరు. ఫికర్ జెయ్యకు, కూసో."

కూర్చున్నాను. నోరు మూసుకున్నాను. ఆయన మొదటి ప్లేటు ఊదుకుంటూ తిన్నాడు, రెండోది ఊదకుండానే తిన్నాడు. "యాటకూర మా ఇంటిదానికి సుత గిట్ల ఉడకవెట్టుడు రాదు" అని, మేకమాంసమే అనుకుని వేళ్ళు నాకాడు. మూడో ప్లేటు నేనే తెప్పించాను.

పొద్దున్నే బస్సుకు వేరే దారి ఉన్నా ఆయన్ను ఆ సందులోంచే తీసుకెళ్ళాను. హోటల్ పక్కనే మాంసం కొట్టు, అరుగు మీద కొమ్ములతో సహా ఎనుము తల. హోటల్ వంటవాడు బుట్టలో ముక్కలు పెట్టించుకుంటూ, రాత్రి అతిథిని గుర్తుపట్టి మూడు వేళ్ళు చూపించి నవ్వాడు. అన్న ఆ తలను చూశాడు, బుట్టను చూశాడు, నా వైపు తిరిగాడు.

"తమ్మీ, నీకు ఎర్కనా?"

"చెప్పబోయిన అన్నా. కూసోమన్నవ్."

"ఖనిల ఎవ్వలకు చెప్పకు, నీ కాళ్ళు మొక్కుత."

"చెప్ప. వచ్చే క్రిస్మస్‌కు మా అమ్మ మీ ఇంటికి గిన్నె తెస్తది. నలుగురి ముంగట తీసుకొని తినాలె."

ఆయన తల ఊపాడు. పరదేశంలో చూసిన వింతలన్నిటిలో ఆ ముఖమే నాకు ఎక్కువ నచ్చింది, తిరుగు రైల్లో దాన్ని తనివితీరా చూస్తూ వచ్చాను.

క్రిస్మస్ పొద్దున "మళ్ల మొగం మీద కొట్టించుకోనా బిడ్డా?" అని అమ్మ కదలనంది. నేను వెంట నడిచాను. నల్లా దగ్గర బిందెల చప్పుడు ఆగిపోయింది. అన్న గడపలోకి వచ్చాడు, నన్ను చూశాడు, గిన్నె అందుకుని అరిసె విరిచి నోట్లో వేసుకున్నాడు, నమిలాడు, మింగాడు. "మంచిగున్నయి చిన్నమ్మా" అన్నాడు.

ఇంటికి రాగానే అమ్మ కళ్ళు తుడుచుకుంది. "పశుపతి దర్శనం మనిషిని ఎట్ల మార్చిందో సూడు బిడ్డా!" అవునమ్మా అన్నాను. ఆ మధ్యాహ్నమే మిగతా ఇళ్ళకు కూడా గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది.

అమ్మా లేదు, అన్నా లేడు. ఆ క్వార్టర్ల వరుసను ఓపెన్‌కాస్టు గని కోసం తొలగించారు. నల్లా ఎక్కడ ఉండేదో, ఆ గడప ఎక్కడ ఉండేదో నేను ఇప్పటికీ కొలిచి చెప్పగలను, కానీ కాలు పెట్టడానికి అక్కడ నేల లేదు, లోతైన గుంత మీద గాలి ఉంది. ఇప్పుడు నేనుండే అపార్టుమెంటులో ఎవరి గిన్నెనూ ఎవరూ వెనక్కి పంపరు, ఎవరూ తేరు కాబట్టి. పక్క ఫ్లాటు తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. లోపల ఎవరున్నారో తెలియదు, పగ పట్టుకుందామన్నా మనిషి లేడు.