నా చేతి గోధుమ జావ

మనవరాలికి గోధుమ జావ పోసింది నేనే. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు నయం.

పిల్లకు తొమ్మిదేళ్ళు. బడిలో ఈడు పిల్లలంతా ఎదిగిపోతుంటే ఇది ఉన్నచోటే ఉండిపోయింది. పొట్ట ఉబ్బు, మాటిమాటికీ విరేచనాలు, మొహంలో నెత్తురు లేదు. చిల్లకల్లులో అందరూ నులిపురుగులన్నారు. జగ్గయ్యపేటలో మాత్రలూ, టానిక్కులూ అయ్యాయి. మా వైపు ఎవరు నీరసించినా అన్నం తగ్గించి గోధుమ పెడతారు. నేనూ పొద్దున జావ, రాత్రి చపాతీ పెట్టాను. వద్దంటే గడ్డం పట్టుకుని పోశాను.

నందిగామలో పిల్లల డాక్టరమ్మ, ఏమేం తింటుందో అడిగి, "గోధుమ పడని జబ్బేమోనండి, సీలియాక్ అంటారు. రక్తపరీక్ష చేయించండి" అని చీటీ రాసింది. నా చెవికి గోధుమ అన్నదే ఎక్కింది. ఆ రోజే మాన్పించాను. పత్తితీతల్లో పడి నా కూతురు పరీక్ష వాయిదా వేసింది. రెండు నెలల్లో పిల్ల బుగ్గలు తేరాయి. గర్వంగా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.

"మానేశారా? అయ్యో మామ్మగారూ! మానేస్తే రక్తంలో ఆనవాలు పోతుందండి. మళ్ళీ కొన్ని వారాలు రోజూ పెట్టి, అప్పుడు చూడాలి."

"తగ్గిందిగా, ఇంక పరీక్షెందుకు? మళ్ళీ నేను పెట్టను. మీరే పెట్టుకోండి."

ఆవిడకు కోపం రాలేదు. గోధుమలో గ్లూటెన్ అని ఉంటుందట, చపాతీ పిండి సాగేది దానివల్లేనట. పిల్ల ఒళ్ళు దాన్ని శత్రువనుకుని, తన పేగునే కొట్టుకుంటోందట. పేగు లోపల టర్కీ తువ్వాలు పోగుల్లా ఉండేవి అరిగిపోతే తిన్నది ఒంటికి పట్టదట. "ఇది పుట్టుకతో వచ్చే గుణం, మీ జావ వల్ల రాలేదు. కానీ బతికినంతకాలం పత్యం ఉండాలి కదండీ. జబ్బు ఖాయం కాకుండా అంత పత్యం ఎలా పెడతాం?"

ఆరు వారాలు. రోజూ ఒక చపాతీ. నాలుగో రోజుకే పొట్ట ఉబ్బింది. ముసలితనంలో నేర్చుకున్న అక్షరాలతో క్యాలెండరు మీద 'తిన్నది' అని రాస్తూ, వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి తిరిగేదాన్ని.

"కూర్చో అమ్మమ్మా, నిన్ను చూస్తుంటే నా కాళ్ళు పీకుతున్నాయి" అనేది పిల్ల, కడుపు పట్టుకునే. ఒకనాడు చపాతీ తుంచుతూ, "పోయినసారి తెలీక పెట్టావు. ఇప్పుడు తెలిసే పెడుతున్నావుగా" అంది. స్టవ్ తుడిచాను. తుడిచిందే మళ్ళీ తుడిచాను.

రక్తపరీక్షలో ఆనవాలు కనబడింది. బెజవాడలో నోట్లోంచి గొట్టం వేసి పేగు ముక్క తీసి చూశారు. అదే జబ్బని తేల్చారు. గోధుమపిండి, రవ్వ, మైదా, బిస్కెట్లు అన్నీ ఇంట్లోంచి పంపేశాను. ఇంక తగ్గుతుందనుకున్నాను. మూడు వారాలైనా కడుపునొప్పి పోలేదు.

మళ్ళీ ప్రతి డబ్బా దింపాను. తెలుగువి నేను చదివాను, ఇంగ్లీషువి పిల్ల చదివింది. ఇంగువ డబ్బా దగ్గర ఆగింది.

"అమ్మమ్మా, ఇందులో కూడా గోధుమపిండి ఉంది."

పొయ్యి మీద పప్పుచారు మరుగుతోంది, అప్పుడే ఇంగువ తాలింపు పడింది. గిన్నె దింపి పారబోశాను. చెయ్యి కాలింది. తర్వాత కారం డబ్బా తీసి దాని చేతికిచ్చాను.

"ఇదీ చదువు."