మామ మిగిల్చిన కిరాయి గాలి

సముద్రానికి, యుద్ధకాలంలో అందులో మునిగి ఇప్పటికీ నిద్ర లేవని సరుకుల ఓడకు, ఆ ఓడలో కాపురముంటున్న చేపలకు, ఏడుద్దామని కళ్లద్దాలు తుడుచుకుని కూర్చున్న పాఠకులకు సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. మా మామ పోయాడు. నాకు ఏడుపు కంటే నెమ్మది ఎక్కువగా ఉంది.

రెండు వారాల కింద అమరచింత నుంచి అత్త ఫోన్ చేసింది. "మీ మామ పోయిండు. రొట్టె తిని పండుకున్నడు, మల్ల లేవలే" అంది. ఏడవవలసిన నేను, మంచంలోనేనా అని అడిగాను. మంచంలోనే అని తెలిశాక గుండె కుదుటపడింది. ఎందుకో చెప్తాను.

మామ మా అమ్మకు అన్న, మెట్ట రైతు. చుట్టుపక్కల ఏ బావిలో బిందె పడినా, మోటారు ఫుట్‌వాల్వు ఊడినా కబురు ఆయనకే వచ్చేది. బీడీ పక్కన పెట్టి, గుండెల నిండా ఒక్క దమ్ము గాలి పీల్చి మునిగేవాడు. బిందె దొరికినా వెంటనే వచ్చేవాడు కాదు. ఒడ్డు మీద జనం పరేషాన్ అయ్యేదాకా లోపలే ఉండేవాడు. అప్పుడు అత్త వచ్చి బావి అంచున నిలబడి, ఒక చెయ్యి నడుం మీద పెట్టి, రెండో చేతి వేలు ఊపుతూ నీళ్లను తిట్టేది. బుడబుడమంటూ మామ తేలేవాడు.

అత్తకు భయపడ్డావా అని ఒకసారి అడిగాను.

"భయం కాదు అల్లుడా. నీళ్లలకెల్లి చూస్తె మీ అత్త వంకరటింకరగ ఊగుతది. నవ్వొస్తది. నవ్వినంక దమ్ము యాడ నిలుస్తది?"

మాకందరికీ నడుముకు సొరకాయ బుర్ర కట్టి ఈత నేర్పింది కూడా ఆయనే. దమ్ము గట్టిగ పట్టు, మిగిలింది నీళ్లే చూసుకుంటయి అనేవాడు. పాఠం మొత్తం అంతే. తర్వాత బావులు ఎండాయి, బోర్లు వచ్చాయి. బోరులో బిందె పడదు. మామకు పిలుపులు ఆగిపోయాయి.

నేను వనపర్తిలో డిగ్రీ పూర్తి చేసి విశాఖపట్నంలో ఉద్యోగంలో చేరాను. ఒక సెలవులో వచ్చినప్పుడు ఫోనులో వీడియో చూపించాను. మనుషులు వీపున గాలి సిలిండర్లు కట్టుకుని, మునిగిన ఓడ చుట్టూ తిరుగుతున్నారు.

"ఏం పడ్డది అండ్ల?" అన్నాడు మామ.

"ఏం పడలే మామా. ఊకె చూసొస్తరు."

మామ వీడియో మళ్లీ పెట్టించుకుని చూశాడు. "నన్ను ఎవ్వరు ఊకె దింపలే అల్లుడా. ఒక్కసారి చూడనీకి దిగాలె."

వనపర్తి దవాఖానలో డాక్టరు ఛాతీ పరీక్షించి, సముద్రంలో దిగొచ్చు అన్నాడు. అత్త మాత్రం బస్సు కదిలే ముందు నా చెయ్యి పట్టుకుంది. "ఎట్ల తీస్కపోతున్నవో గట్లనే తెచ్చియ్యి."

విశాఖలో వీపున సిలిండర్లు కట్టించుకున్నాక, పడవ మీద శిక్షకుడు మళ్లీ మళ్లీ చెప్పింది ఒకటే. లోపల ఊపిరి బిగబట్టొద్దు. బిగబట్టి పైకి లేస్తే ఊపిరితిత్తులు చిరుగుతాయి. మామ వినయంగా తలూపాడు. అంత వినయం చూసి నేను అప్పుడే అనుమానించాల్సింది.

తాడు పట్టుకుని దిగాం. ఆకుపచ్చ మసకలో ఓడ కనిపించింది. నాచు పట్టిన ఇనుప పక్కటెముకలు, ఇసుకలో సగం కూరుకుపోయిన బాయిలరు, లోపలికీ బయటికీ తీరిక లేకుండా తిరిగే చేపలు, అచ్చం మన తహశీల్ ఆఫీసు. మామ బాయిలరు మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు. శిక్షకుడి నోటి నుంచి బుడగలు, నా నోటి నుంచి బుడగలు. మామ దగ్గర ఒక్కటీ లేదు.

శిక్షకుడు సైగ చేశాడు. మామ చూడలేదు. మోకాళ్లు మడిచాడు. ఆ భంగిమ నాకు తెలుసు. బావి అడుగును తన్ని ఒక్క ఊపున లేచే ముందు అలాగే మడిచేవాడు. శిక్షకుడి మాట నా చెవుల్లో మోగింది. అత్త మాట అంతకంటే గట్టిగా మోగింది.

బతికే వచ్చాం. పడవ మీద శిక్షకుడు కోప్పడితే మామ చల్లగా జవాబిచ్చాడు: "కిరాయి గాలి కద సారు. దిగేటప్పుడు ఒక గుక్క తీస్కుంటి. అది ఒడవకముందె ఇంకోటెందుకు?"

ఊళ్లో మాత్రం, అల్లుడే నాతోని దమ్ము ఇడిపిచ్చిండు అని చాయ్ హోటల్లో చెప్పుకునేవాడు. ఎట్లా అని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. ఆ తర్వాత రెండు వానాకాలాలు పంట తీశాడు. మంచం మీద పడుకుని, చేపలు బాయిలరులోకి ఎట్లా దూరుతాయో చేత్తో చూపించేవాడు.

మొన్న కర్మలు అయ్యాక, చుట్టాలందరి ముందు అత్త అంది: "తెచ్చిస్తనని తెచ్చిచ్చినవ్ బిడ్డా. నా కండ్ల ముందర పోయిండు, గది చాలు. గని ఆ నీళ్లల్ల ఏం చేసినవో ఇప్పటికన్న చెప్పు."

నేను గంభీరంగా ముఖం పెట్టి, శిక్షణ, సమయస్ఫూర్తి అంటూ ఏదో నమిలాను.

అత్తా, అవేవీ కావు. ఓడ ముందు ఇసుకలో నిలబడి, ఒక చెయ్యి నడుం మీద పెట్టి, రెండో చేతి వేలు ఊపాను, అచ్చం నీలాగే. నేను చేసింది అదొక్కటే. ముఖానికి కట్టిన అద్దం వెనక మామ కళ్లు పెద్దవయ్యాయి. భుజాలు కదిలాయి. నోటి చుట్టూ బుడబుడమని గుంపులుగా బుడగలు లేచాయి. నవ్వి, కిరాయి గాలి పీల్చి, మళ్లీ నవ్వాడు. ఆ బుడగలు ఓడ పక్కనుంచి, చేపలను చెదరగొట్టుకుంటూ, పైన వెలుతురు దాకా పోతూనే ఉన్నాయి.