గంజి పూసిన ఆనకట్ట

తుంగభద్రకు కట్టిన ఆనకట్టను నేను ఒకసారి కూల్చేశాను. ఎమ్మిగనూరులో మా పెదనాయన మగ్గం పక్కన కూర్చుని, ఉత్త నోటితో. ఆ సంగతి చెప్తాను. ఇందులోని అబద్ధాలన్నీ అప్పుడు ఆడినవే, ఇప్పుడు కొత్తగా చేర్చినవి లేవు.

ఆనకట్ట పని ముగిసి కాలువలకు నీళ్ళు వదిలిన కొత్తలు. నూలు తేవడానికి ఆదోనికి పోతే టీ అంగట్లో ఒక లారీ డ్రైవరు చెప్పాడు, అంత పెద్ద గోడను సిమెంటుతో కాదు, సున్నంలో ఇటుకపొడి కలిపి కట్టారని. అది నిజం. ఆ నిజాన్ని ఉన్నదున్నట్టు ఊరికి మోసుకురావడం నాకు చేతకాలేదు. ఎమ్మిగనూరులో బస్సు దిగేలోగా గోడలో పగులు పడింది. మా వీధి మలుపు తిరిగేసరికి ఇంజనీర్లు ఆ పగులుకు కుండలకొద్దీ గంజి పూశారు.

"గంజేందిరా?" అన్నాడు పెదనాయన, పేక పోగును అటూ ఇటూ నడిపే నాడె ఆపకుండా.

"మనం పడుగుకు పెట్టమా, అట్లనే. పోగు గట్టిపడినట్ల రాయి గట్టిపడతాదంట. పెద్దింజనీరు పొద్దున్నే గోడకు చెవి పెట్టి ఇంటాడంట. ఆనకట్ట పండ్లు కొరుకుతాండాదంట."

పెదనాయన నవ్వలేదు. బతుకంతా గంజి పెట్టిన పోగుల మీదే నడిచిన మనిషి గంజి మాటను తేలిగ్గా తీసుకోడని నాకు అప్పుడు తోచలేదు.

ఆ మగ్గం మీద ఉన్నది ఆయన ఆఖరి చీర. కంటికి పొర కమ్ముతోంది. పాత పడుగు కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతకాలంటే ఇక చూపు ఆనదని, దీనితో మగ్గం దిగిపోతానని చెప్పేశాడు. ఈ ఒక్కటి మాత్రం అంగడికి పోదు, పెద్దమ్మకే. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆయనకు కండెలు చుట్టి, గంజి కాచిన ఆవిడ, ఆయన నేసిన చీర ఒక్కటీ కట్టలేదు. ఆ గంజి ప్రతిసారీ అడుగంటేది. మాడిందని ఆయన, మాడలేదని ఆవిడ. వాళ్ళ మధ్య తెగని తగువు అదొక్కటే.

మూడో రోజు పొద్దున నేను పోయేసరికి పెదనాయన చేతిలో కత్తెర ఉంది. చీర సగం నేసినచోట పడుగు మీద ఆనించి పట్టుకున్నాడు. వాళ్ళది గుంటమగ్గం, నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టి తొక్కుతూ నేయాలి. ఆ గుంటలో ఆయన పాదాలు తడిలో ఉన్నాయి.

"ఆనకట్ట తెగినాదిరా," అన్నాడు. "నీళ్ళు పల్లానికే కదా వచ్చేది. ఊరికన్నా ముందు మన గుంటల్లోకే వచ్చినాయి. సగం చీరన్నా దక్కించుకుంటా."

"పెదనాయనా, కత్తెర తీయి. పగులూ ల్యా, గంజీ ల్యా. అంతా నేను కల్పించి సెప్పినా."

"నేను భయపడతానని ఇప్పుడు అబద్ధమాడుతాండావు. నిన్నెరగనా."

నిజం చెప్పి అంత అవమానపడడం నాకు అదే మొదలు. ఒక్కసారి కత్తెర కదిలితే ఆ పోగులను మళ్ళీ అతికే కళ్ళు ఆయనకు లేవు. గబగబా గుంటలోకి దిగాను. పైన గట్టు మీద పెట్టిన గంజికుండకు సన్నటి బీట కనిపించింది. తడిలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను.

"ఇది నీళ్ళు కాదు పెదనాయనా, గంజి. కుండ కారతాండాది."

"గంజే కదరా. ఆనకట్టకు పూసినారంటివి. అది కొట్టుకొచ్చినాది."

పెద్దమ్మ గడపలో నిలబడి ఇదంతా వింటోంది. కత్తెర వైపు చూసింది, చీర వైపు చూసింది.

"నువ్వే నాకి సూడు," అంది చివరికి. "మాడు వాసన వస్తాదేమో."

పెదనాయన వేలు ముంచి నాకాడు. కళ్ళు మూసుకుని ఇంకోసారి నాకాడు.

"మాడినాది," అన్నాడు.

"మాడినాది. నేనే మాడించినా, ఇంజనీర్లు కాదు. పెండ్లయినప్పటి నుంచీ మాడిస్తానే ఉండా. సాలా? ఆ కత్తెర ఈడ పెట్టు."

పెట్టాడు. నేను ఆ గంజిలోనే కూలబడ్డాను. పెదనాయన మాత్రం ఆనకట్ట నిలిచినందుకో, అన్నేళ్ళ తగువు గెలిచినందుకో, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు.

చీర పూర్తయింది. పెద్దమ్మ దాన్ని కట్టుకున్న రోజు ముగ్గురం కౌతాళం వైపు కాలువ చూడడానికి పోయాము. పెదనాయన నా భుజం పట్టుకుని గట్టు దిగి, దోసిలితో నీళ్ళు తీసి రుచి చూశాడు.

"మాడు వాసన ల్యా," అన్నాడు. "గోడ గట్టిదేరా."

"గోడకు గంజి కాచే పని నాకు పెట్టల్యా కదా, అందుకే," అంది పెద్దమ్మ, కొత్త చీర కుచ్చిళ్ళు తడవకుండా పైకెత్తి పట్టుకుని.