పాము తాత వంతు

కూచిపూడి దగ్గరి సెక్టారుకు నేను అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా వెళ్ళింది ఉద్యోగ విరమణకు రెండేళ్ళ ముందు, వర్షాలు మొదలైన రోజుల్లో. సెక్టారంటే ఒక సూపర్‌వైజర్ చూసుకునే కొన్ని కేంద్రాలు. తనిఖీలో పిల్లల బరువులు, గుడ్లు, పాల నిల్వతో పాటు అభినయ గేయాలు కూడా చూడాలి. చేతులూ కాళ్ళూ ఆడిస్తూ పాడే పాటలవి. చిన్నపిల్లలకు సగం మాటలు వాటితోనే వస్తాయి.

ఒక ఊళ్ళో కేంద్రం కాలువ పక్కన అద్దె పెంకుటింట్లో నడిచేది. అక్కడి టీచర్ నాగమణి అడవి జంతువుల మీద తనే ఒక పాట కట్టింది. నేను వెళ్ళిన ఉదయం పిల్లల చేత పాడించింది.

“ఎలుగు బావ వచ్చాడు, తేనెపట్టు మెక్కాడు
పులి రాజు వచ్చాడు, పొదలో నక్కి చూశాడు
ఏనుగు మామ వచ్చాడు, ధబ్ ధబ్ అడుగులు వేశాడు
పాము తాత లేచాడు...”

ఏనుగు దగ్గర గది అదిరేలా గెంతిన పిల్లలు, పాము దగ్గరికి రాగానే ఒక్కసారిగా నోళ్ళు మూసుకున్నారు. అందరూ తలలు తిప్పి, మూలన పడేసిన పాత చాపల వైపు చూశారు.

మరిచిపోయారనుకుని “బుస్సు బుస్సుమన్నాడు” అని అందించాను. చాపల పక్కనే కూర్చున్న లక్కీ అనే పిల్ల పెదాల మీద వేలు పెట్టుకుంది.

“మనం అనకూడదు. తాతే అంటాడు.”

మూలనుంచి పొడుగ్గా, బరువుగా, టైరులో గాలి దిగుతున్నట్టు చప్పుడు వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

నాగమణి నవ్వింది. “వంటింట్లో కుక్కరండీ మేడమ్. రోజూ ఈ టైముకే ఈ చప్పుడు వస్తుంది. వీళ్ళు దాన్నీ పాటలో కలిపేసుకున్నారు.”

గుమ్మంలో నిలబడ్డ ఆయా సుబ్బమ్మ ముఖం పాలిపోయింది. “నేనింకా పొయ్యే వెలిగించలేదండీ.”

అది పామేనని అర్థమైంది. నేల అదిరితే పాము బుసకొడుతుందని తెలుసు, ముందు పిల్లలు మళ్ళీ గెంతకుండా చూడాలి. ఇప్పుడు పిల్లి ఆట అన్నాను. అడుగు చప్పుడు కాకుండా బయటికి వెళ్ళినవాళ్ళే గెలిచినట్టు. పిల్లలు మునివేళ్ళ మీద ఒక్కొక్కరే గుమ్మం దాటారు.

లక్కీ మాత్రం కదల్లేదు. “తాతకు టాటా చెప్పొద్దా?” అంటూ చాపల వైపు చెయ్యి చాపింది. వెనకనుంచి వెళ్ళి, ఆ పిల్లను చంకల కింద పట్టుకుని ఎత్తేశాను. కింద చాప అంచు నెమ్మదిగా లేచి మళ్ళీ పడింది.

పాములు పట్టే అతను వచ్చి చాపలు తొలగిస్తే, ఎలుకలు తవ్విన కన్నంలో రక్తపింజర ఉంది. చుట్టూ అప్పుడే పుట్టిన పిల్లలు. మా ప్రాజెక్టు అధికారికి ఫోన్‌లో చెప్పి, కేంద్రాన్ని ఆ రోజే బడిలో ఖాళీగా ఉన్న గదిలోకి మార్పించాను.

వారం తర్వాత వెళ్తే అదే పాట. కొత్త గదిలోనూ పిల్లలు అక్కడే ఆగారు. చాలాసేపు ఎదురుచూశారు. ఏ చప్పుడూ రాలేదు. చివరికి లక్కీ నన్ను అడిగింది: “తాత ఇంకా రాలేదేంటి?”

పిల్లలు పాట ఎలా పాడుతున్నారో చూడటం మాకు శిక్షణలో నేర్పారు. పాట మధ్యలో వాళ్ళు ఆగితే ఎందుకు ఆగారో అడగాలన్నది ఆ ఊళ్ళో నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా ప్రతి కేంద్రంలోనూ అడిగాను.